జూలై 4 గడిలోకి ఎవరు ఎలా వచ్చారు

తెలుగు దినపత్రికల లోపలి పేజీల్లో ‘చరిత్రలో ఈ రోజు’ పేరుతో వచ్చే చిన్న శీర్షికను నేను చాలాకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. ఏడాదిలోని మిగతా తేదీలకంటే జూలై 4 నాటి జాబితా తెలుగువారికి కొంచెం బరువుగా ఉంటుంది. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన, 1897లో అల్లూరి సీతారామరాజు జననం, 1902లో స్వామి వివేకానంద నిర్యాణం, 1934లో మేరీ క్యూరీ మరణం, 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య అమరత్వం, 1963లో పింగళి వెంకయ్య మరణం ఒకదాని కింద ఒకటి వస్తాయి. ప్రతి దానికీ ఒక్కటే వాక్యం, అన్నిటికీ ఒకే అక్షరాల పరిమాణం. ఒకే గడిలో ఉన్నంత మాత్రాన ఇవన్నీ అక్కడికి ఒకే దారిన రాలేదన్న సంగతిని ఆ జాబితా చెప్పదు. కొన్నిటిని మనుషులు కావాలని తెచ్చి ఆ తేదీన పెట్టారు, కొన్ని యాదృచ్ఛికంగా వచ్చి పడ్డాయి, మరికొన్ని క్యాలెండర్ లెక్కను బట్టి మాత్రమే అక్కడ నిలుస్తున్నాయి. ఆ దారుల గురించే ఈ వ్యాసం.

ముందుగా, ఈ తేదీకి ప్రపంచమంతటా పేరు తెచ్చిన అమెరికా సంగతి చూద్దాం. ఫిలడెల్ఫియాలో సమావేశమైన వలస రాష్ట్రాల ప్రతినిధులు బ్రిటన్‌తో తెగతెంపులు చేసుకోవాలని ఓటు వేసింది జూలై 2న. ఆ మరునాడు జాన్ ఆడమ్స్ తన భార్య అబిగెయిల్‌కు రాసిన ఉత్తరంలో, జూలై 2వ తేదీని రాబోయే తరాలు మహోత్సవంగా జరుపుకుంటాయని ఎంతో నమ్మకంగా చెప్పాడు. జూలై 4న జరిగినది ప్రకటన పాఠానికి ఆమోదం మాత్రమే. ప్రతినిధుల్లో ఎక్కువమంది దానిపై సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. అయితే అచ్చయి ఊరూరా చదివిన ప్రతిపై ఉన్న తేదీ జూలై 4 కావడంతో, నిర్ణయం జరిగిన రోజు వెనక్కి వెళ్లి, కాగితం మీది రోజు ముందుకు వచ్చింది. ఆడమ్స్ జోస్యంలో ఉత్సవం నిజమైంది, తేదీ మాత్రం రెండు రోజులు జరిగింది.

ఆ ఆడమ్స్‌కు ఆ తేదీతో తీరని లెక్క ఒకటి మిగిలి ఉన్నట్టుంది. ప్రకటన పాఠాన్ని రాసిన థామస్ జెఫర్సన్, దాని కోసం సభలో గట్టిగా వాదించిన ఆడమ్స్ ఒకప్పుడు ఆప్తమిత్రులు. 1800 నాటి అధ్యక్ష ఎన్నికల్లో ప్రత్యర్థులయ్యాక వారి మధ్య మాటలు లేకుండా పోయాయి. 1812లో మళ్లీ ఉత్తరాలు మొదలై ఇద్దరూ జీవితాంతం రాసుకుంటూనే ఉన్నారు. స్వాతంత్ర్య ప్రకటనకు 50 ఏళ్లు నిండిన 1826 జూలై 4న, వర్జీనియాలోని మాంటిచెల్లోలో జెఫర్సన్ మధ్యాహ్నం ఒంటి గంటకు కొంచెం ముందు తన 83వ ఏట కన్నుమూశాడు. మసాచుసెట్స్‌లోని క్విన్సీలో 90 ఏళ్ల ఆడమ్స్, జెఫర్సన్ ఇంకా బతికే ఉన్నాడన్న అర్థం వచ్చే మాట అని, అదే సాయంత్రం ప్రాణం విడిచాడని చెబుతారు. జెఫర్సన్ అప్పటికి అయిదు గంటల ముందే పోయాడన్న సంగతి ఆయనకు తెలిసే అవకాశమే లేదు. ఆ సమయంలో అధ్యక్షుడిగా ఉన్నది ఆడమ్స్ కుమారుడు జాన్ క్విన్సీ ఆడమ్స్. ఆయన తన దినచర్యలో ఈ సంఘటనను దైవానుగ్రహానికి ప్రత్యక్ష నిదర్శనంగా రాసుకున్నాడు. అయిదేళ్ల తరువాత, 1831లో, అయిదవ అధ్యక్షుడు జేమ్స్ మన్రో కూడా జూలై 4నే న్యూయార్క్‌లో మరణించడంతో ఆ నమ్మకం మరింత బలపడింది.

దీనిని దైవలీల అనడానికి ముందు కొంచెం లెక్క చూసుకోవాలి. ఒక గదిలో 23 మంది ఉంటే, వారిలో కనీసం ఇద్దరి పుట్టినరోజు ఒకే తేదీ అయ్యే అవకాశం సగానికి పైగా ఉంటుందని సంభావ్యతా గణితం చెబుతుంది. చాలామంది ఈ అంకెను విని నమ్మరు, ఎందుకంటే మనం మన పుట్టినరోజుతో సరిపోయేవారి కోసం వెతుకుతాం గాని, ఎవరితో ఎవరు సరిపోయినా చాలని లెక్కపెట్టం. చరిత్రలో పేరున్న వేలమందిని 366 గడుల్లో సర్దితే ఏ గడీ ఖాళీగా ఉండదు, ప్రతి గడిలోనూ అబ్బురపరిచే జంటలు దొరుకుతాయి. అయినా ఆడమ్స్, జెఫర్సన్‌ల విషయం అలాంటి మామూలు జంట కాదని ఒప్పుకోక తప్పదు. వారిది ఒకే తేదీ మాత్రమే కాదు, ఒకే సంవత్సరం, ఒకే రోజు, అదీ తాము సృష్టించిన రోజుకు స్వర్ణోత్సవం నాడు. ఆఖరి దశలో ఉన్న జెఫర్సన్ నాలుగో తేదీ వచ్చిందా అని అడిగాడన్న కథనం ఉంది. మనిషి పట్టుదలతో మరణాన్ని కొన్ని గంటలు ఆపుకోగలడా అనే ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. నాలుగో అధ్యక్షుడు మాడిసన్ మాత్రం 1836 జూన్ 28న, ఆరు రోజుల ముందు పోయాడు. జూలై 4 దాకా ప్రాణం నిలిపే మందులు ఇస్తామంటే ఆయన వద్దన్నాడని చెబుతారు. ఆ కథ నిజమే అయితే, ఆ వరుసలో నాకు ఎక్కువగా నచ్చేది ఆయనే.

యాదృచ్ఛికం సంగతి అలా ఉంచితే, ఈ తేదీని లెక్క చూసుకుని ఎంచుకున్నవారు చాలామంది ఉన్నారు. అమెరికా అంతర్యుద్ధంలో మిసిసిపీ నది ఒడ్డున ఉన్న విక్స్‌బర్గ్ 47 రోజుల ముట్టడి తరువాత 1863 జూలై 4న లొంగిపోయింది. ఆ రోజైతే శత్రువు ఉదారంగా ఉంటాడని, మంచి షరతులు దొరుకుతాయని దక్షిణాది సేనాని పెంబర్టన్ ఆలోచించాడు. దాని ఫలితంగా ఆ ఊరిలోని తెల్లవారు దశాబ్దాల తరబడి జూలై 4ను పండుగగా జరుపుకోలేదు. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన మహావక్త ఫ్రెడరిక్ డగ్లస్ 1852లో రోచెస్టర్‌లో, బానిసకు ఈ పండుగ ఏమవుతుందని నిలదీస్తూ చేసిన ప్రసంగం జూలై 5న జరిగింది. ఆ ఒక్క రోజు ఎడం కూడా ఒక నిర్ణయమే. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1996 డిసెంబరులో అంగారకుడి మీదికి పాత్‌ఫైండర్‌ను పంపినప్పుడు, ప్రయోగం ఏ రోజు జరిగినా గమ్యం చేరే తేదీ 1997 జూలై 4 అయ్యేలా ప్రయాణమార్గాన్ని రూపొందించారు. కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్న గ్రహం మీద దిగిన తేదీ ఇంటి పండుగతో కలిసిందంటే అందులో ఆశ్చర్యపడవలసింది ఇంజినీర్ల నేర్పుకే గాని, కాలం చేసిన విచిత్రానికి కాదు.

ఫిలిప్పీన్స్ కథ ఇంతకంటే ఘాటైనది. 1934లో అమెరికా చట్టసభ చేసిన చట్టం ప్రకారం, పదేళ్ల పరివర్తన కాలం ముగిశాక వచ్చే జూలై 4న ఆ దేశానికి స్వాతంత్ర్యం రావాలి. ఏలినవారు తమ స్వాతంత్ర్య దినాన్నే పాలితులకు స్వాతంత్ర్య దినంగా ఇవ్వడాన్ని ఔదార్యం అనవచ్చు, అహంకారం అనీ అనవచ్చు. 1946 జూలై 4న మనీలాలో అమెరికా జెండా దిగి ఫిలిప్పీన్స్ జెండా ఎగిరింది. పదహారేళ్ల తరువాత, 1962లో, అధ్యక్షుడు మకపగాల్ స్వాతంత్ర్య దినోత్సవాన్ని జూన్ 12కు మార్చాడు. 1898లో ఆ తేదీనే ఫిలిప్పీన్స్ విప్లవ నాయకుడు అగినాల్డో స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం ప్రకటించాడు. ఇతరులు ఇచ్చిన తేదీని వదిలి తాము ప్రకటించుకున్న తేదీకి ఒక దేశం మారిపోవడం చరిత్రలో తరచుగా జరిగేది కాదు.

1946 జూలై 4 దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. వేరువేరు శతాబ్దాల్లోని రెండు జూలై నాలుగులు కలవడం కేవలం అంకెల కలయిక. ఒకే సంవత్సరంలోని ఒకే రోజున ప్రపంచంలో వేరువేరు చోట్ల ఏం జరిగిందో చూస్తే, ఆ కాలం స్వభావం కొంత తెలుస్తుంది. మనీలాలో జెండా పండుగ జరిగిన రోజునే, పోలండ్‌లోని కియెల్త్సె పట్టణంలో ఒక బాలుణ్ణి యూదులు నిర్బంధించారన్న అబద్ధపు పుకారు లేచి, జనం, పోలీసులు, సైనికులు కలిసి 42 మంది యూదులను చంపారు. నాజీల మారణహోమం నుంచి ప్రాణాలతో బయటపడినవారు, యుద్ధం ముగిసిన ఏడాదికే అలా చనిపోయారు. ఆ వార్తతో పోలండ్‌లో మిగిలిన యూదులు వేల సంఖ్యలో దేశం విడిచి వెళ్లిపోయారు.

అదే రోజు నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాకు చెందిన కడవెండిలో తుపాకులు పేలాయి. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి చేతిలో వేల ఎకరాల భూమి ఉండేది, చుట్టుపక్కల ఊళ్లలో వెట్టిచాకిరీ నడిచేది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు భూమిని, పంటను వదలనని నిలబడింది ఈ దొర మీదనే. ఆంధ్ర మహాసభను జనం సంఘం అని పిలిచేవారు. సంఘం కార్యకర్తలపై దొర మనుషులు చేస్తున్న దాడులకు నిరసనగా కడవెండి ప్రజలు ఊరేగింపు తీశారు. అది దొర నివాసమైన గడీ సమీపానికి చేరగానే దొర మనుషులు కాల్పులు జరిపారు. గొర్రెల కాపరుల కుటుంబానికి చెందిన యువకుడు దొడ్డి కొమరయ్య ముందు వరుసలో నేలకొరిగాడు. ఆయన అన్న మల్లయ్యకు కూడా గాయాలయ్యాయి. ఆ తరువాత పల్లెపల్లె నుంచి జనం కర్రలు, వడిసెలలు పట్టుకుని కదిలారు. వెట్టికి, దొరల గడీలకు వ్యతిరేకంగా సాగిన ఆ కదలిక సాయుధ పోరాటంగా మారి 1951 అక్టోబరు దాకా నడిచింది.

కొమరయ్య పేరు పాఠ్యపుస్తకాల్లోకి, ప్రభుత్వ కార్యక్రమాల్లోకి చాలా ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడు తెలంగాణలో జూలై 4 అంటే ముందుగా కొమరయ్య వర్ధంతి, ఆంధ్రప్రదేశ్‌లో అదే రోజు ముందుగా అల్లూరి జయంతి. అడవిలో పోడు సాగును అడ్డుకున్న 1882 నాటి మద్రాసు అటవీ చట్టం మీద, రోడ్డు పనుల్లో కూలి ఎగ్గొట్టిన అధికారుల మీద తిరగబడినవాడు ఒకరు, గడీ ముందు తూటాలకు గుండె ఎదురొడ్డినవాడు ఇంకొకరు. ఒకరి పుట్టుక, మరొకరి చావు ఒకే తేదీన ఉండటం కాకతాళీయమే. భూమి మీద హక్కు అనే ఒకే ప్రశ్న ఇద్దరి కథలోనూ ఉండటం మాత్రం కాకతాళీయం కాదు. రెండు రాష్ట్రాల పత్రికలు ఈ ఇద్దరినీ వేరువేరు పేజీల్లో స్మరించుకోవడం నాకు ప్రతి ఏటా కొంత వెలితిగా అనిపిస్తుంది.

అల్లూరి విశాఖపట్నం ప్రాంతంలోని పాండ్రంగిలో, తల్లి పుట్టింటి ఊరిలో జన్మించాడు. కుటుంబం స్వస్థలం గోదావరి ప్రాంతపు మోగల్లు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై ఆయన దళం దాడి చేసి తుపాకులు పట్టుకుపోయింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయనను బంధించి కాల్చి చంపారు. ఆయన 125వ జయంతి సందర్భంగా 2022 జూలై 4న భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఆయన మరణించిన మే 7 రవీంద్రనాథ్ ఠాగూర్ పుట్టిన తేదీ కూడా. అయితే బెంగాలీలు ఠాగూర్ జయంతిని తమ పంచాంగం ప్రకారం వైశాఖ 25న జరుపుకుంటారు, అది మన క్యాలెండర్‌లో మే 8నో 9నో వస్తుంది. ఇంగ్లీషు క్యాలెండర్ చూసేవారికి కలిసినట్టు కనిపించే తేదీలు బెంగాలీ పంచాంగం చూసేవారికి కలవవు.

ఈ సంగతి వివేకానందుని విషయంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో తన పాశ్చాత్య యాత్ర ఉద్దేశం గురించి ప్రసంగించి, ఆ ఏడాదే ఆయన షికాగో వెళ్లాడు. 1898 జూలై 4న కాశ్మీరులో ఉండగా, వెంట ఉన్న అమెరికన్ శిష్యురాళ్ల కోసం స్థానిక దర్జీ చేత వారి జెండా కుట్టించి పడవను అలంకరింపజేశాడు. ఆ తేదీనే సంబోధిస్తూ స్వేచ్ఛ గురించి ఇంగ్లీషులో ఒక కవిత కూడా రాసి ఇచ్చాడు. సరిగ్గా నాలుగేళ్ల తరువాత, 1902 జూలై 4 రాత్రి తొమ్మిది గంటల వేళ బేలూరు మఠంలో, 40 ఏళ్లు నిండకుండానే దేహం చాలించాడు. ఈ కలయికను ఆయన భక్తులు స్వచ్ఛంద మరణానికి గుర్తుగా భావిస్తారు. ఆ భావనను నేను తర్కించను. కాని దేశమంతా ఆయన పుట్టినరోజును జనవరి 12న జాతీయ యువజన దినోత్సవంగా జరుపుకుంటుంటే, ఆయన స్థాపించిన మఠం మాత్రం జయంతిని పుష్య బహుళ సప్తమి తిథిని బట్టి జరుపుతుంది. త్యాగరాజస్వామి సిద్ధి పొందిన తేదీ 1847 జనవరి 6 అని పుస్తకాల్లో ఉన్నా, తిరువయ్యారులో ఆరాధన జరిగేది పుష్య బహుళ పంచమి నాడు. మన ఇళ్లలో తద్దినాలు కూడా తిథిని బట్టే పెడతాం గాని తేదీని బట్టి కాదు. తిథి, తేదీ మళ్లీ ఇంచుమించు ఒకచోట కలవడానికి 19 ఏళ్లు పడుతుంది. అంటే తాతగారు, మనవడు ఒకే రోజున పుట్టారా లేదా అన్న ప్రశ్నకు కూడా ముందు ఏ లెక్కలో అని అడగవలసి వస్తుంది.

పింగళి వెంకయ్య విషయంలో పుట్టిన సంవత్సరమే కొన్ని చోట్ల 1876 అని, కొన్ని చోట్ల 1878 అని కనిపిస్తుంది. మరణించిన తేదీలో అలాంటి గందరగోళం లేదు. ఆ తరం వారిలో చాలామందికి ఇంతే: పుట్టినప్పుడు ఎవరూ తేదీ రాసి పెట్టుకోరు, పోయేనాటికి పేరు వచ్చి ఉంటే తేదీ పత్రికకు ఎక్కుతుంది. మచిలీపట్నం సమీపంలోని భట్లపెనుమర్రులో పుట్టిన వెంకయ్య, 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాల్లో గాంధీజీకి ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండా నమూనా చూపించాడు. గాంధీజీ సూచనతో అందులో తెలుపు చేరింది. పరిణామాలన్నీ దాటి 1947 జూలై 22న రాజ్యాంగ సభ త్రివర్ణ పతాకాన్ని ఆమోదించింది. 1963 జూలై 4న విజయవాడలో ఆయన పేదరికంలోనే కన్నుమూశాడు. ఆయన స్మారక తపాలా బిళ్ల 2009లో గాని రాలేదు.

సైన్సు వైపు చూస్తే, రేడియోధార్మికతకు ఏళ్ల తరబడి గురైన మేరీ క్యూరీ రక్తహీనతతో ఫ్రాన్స్‌లోని ఒక కొండ ప్రాంతపు శానిటోరియంలో 1934 జూలై 4న మరణించింది. 2012లో అదే తేదీన జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాల హిగ్స్ బోసాన్ అనే మౌలిక కణం లక్షణాలు గల కొత్త కణాన్ని కనుగొన్నట్టు ప్రకటించింది. ఆ రోజునే ప్రకటించడానికి కారణం మరేమీ కాదు, ఆ రంగపు అతిపెద్ద అంతర్జాతీయ సదస్సు అదే రోజు మెల్‌బోర్న్‌లో మొదలవుతోంది. ‘బోసాన్’ పేరు సత్యేంద్రనాథ్ బోసుది కాబట్టి ఆ వార్తలో మనకూ కొంత వాటా ఉంది. ఇంకో బోసు, సుభాష్ చంద్రబోసు, 1943 జూలై 4న సింగపూరులో రాస్‌బిహారీ బోసు చేతి నుంచి భారత స్వాతంత్ర్య సంఘం నాయకత్వాన్ని స్వీకరించాడు. రెండుసార్లు, విడతకు పదమూడు రోజుల చొప్పున తాత్కాలిక ప్రధానిగా ఉన్న గుల్జారీలాల్ నందా 1898లో, సంగీత దర్శకుడు కీరవాణి 1961లో కొవ్వూరులో, ఇద్దరూ జూలై 4నే పుట్టారు. అల్లూరి పుట్టిన తేదీనే పుట్టిన కీరవాణికి ఆస్కార్ తెచ్చిన చిత్రంలో కల్పిత అల్లూరి పాత్ర ఉండటం సరదా విషయమే. ఆ పురస్కారం అందుకున్న తేదీ లాస్ ఏంజెలెస్‌లో 2023 మార్చి 12, అదే క్షణం మన ఇళ్లలో మార్చి 13.

చివరగా, జూలై 4 జాబితాల్లో అత్యంత పురాతనంగా కనిపించేది 1054 నాటి ఎంట్రీ. ఆ రోజు చైనాలోని సోంగ్ వంశపు ఆస్థాన ఖగోళవేత్తలు వృషభ రాశి దిక్కున కొత్తగా వెలిగిన ‘అతిథి నక్షత్రాన్ని’ నమోదు చేశారు. అది 23 రోజుల పాటు పట్టపగలు కూడా కనిపించింది. ఆ పేలుడు అవశేషాన్నే ఇప్పుడు పీత నిహారిక అంటున్నాం. ఆ నక్షత్రం దాదాపు ఆరున్నర వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది కాబట్టి, జూలై 4 పేలిన తేదీ కాదు, ఆ వెలుగు భూమికి చేరాక మనుషులు చూసిన తేదీ. పైగా 1582కు ముందరి తేదీలను చరిత్రకారులు జూలియన్ క్యాలెండర్‌లో రాస్తారు. ఇప్పుడు మనం వాడుతున్న గ్రెగోరియన్ లెక్కలో అది జూలై 10 అవుతుంది. ముస్లిం సుల్తాన్ సలాదీన్ క్రూసేడు సేనలను హత్తీన్ వద్ద ఓడించిన 1187 జూలై 4 కూడా అలాంటిదే, ఈనాటి లెక్కలో అది జూలై 11. పత్రికా సంపాదకులు నన్ను అడిగితే, ఆ రెండింటినీ ఈ గడిలోంచి తీసివేయమని చెప్పను, పక్కనే ‘పాత క్యాలెండర్ ప్రకారం’ అన్న రెండు మూడు మాటలు చేర్చమంటాను. ఆ మాటలకు స్థలం చాలకపోతే మన్రోను వదిలేసినా నాకు అభ్యంతరం లేదు.